గొట్టం సంగతి అల్లుడుగారికి చెప్పొద్దు

మావారి ఒంట్లో ఒక ప్లాస్టిక్ గొట్టం ఉందన్న సంగతి అందరికీ తెలుసు, ఒక్క అల్లుడుగారికి తప్ప. పాలు పోసే ఆవిడకి తెలుసు. కొబ్బరికాయలు దింపే అతనికి తెలుసు. పక్కింట్లో పూతరేకులు చుట్టే అత్తాకోడళ్ళకి తెలుసు, వాళ్ళ పుణ్యమా అని వీధి వీధంతటికీ తెలుసు. అల్లుడుగారికి మాత్రం తెలియకూడదు. ఎందుకంటే ఆయన రాజమండ్రిలో మూత్రపిండాల డాక్టరు. ఇలాంటి గొట్టాలు పెట్టడం, తీయడం ఆయనకి రోజూ ఉండే పనే.

ఇది చదివి "అదేం చోద్యం" అనేవాళ్ళు మా వైపు వాళ్ళు కారని నాకు ఇట్టే తెలిసిపోతుంది. మా గోదావరి జిల్లాల వాళ్ళయితే అలా అనరు. "నిజమే మరి, అల్లుడికి ఎలా చెప్తారు పాపం" అంటారు.

మావారు వ్యవసాయదారు. కాలవ కింద వరి, గట్టు మీద కొబ్బరి, మధ్యలో కాస్త అరటి. నేను హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఊళ్ళో పిల్లలందరి తప్పులూ దిద్దాను గాని ఇంట్లో ఈయన ఒక్కరినీ దిద్దలేకపోయాను. మనిషి మంచివారు. మర్యాద మాత్రం కొబ్బరికాయలు దింపడానికి వచ్చిన వాడికీ, కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చిన వాడికీ ఒకేలా పొంగి పొర్లుతుంది. ఇక అల్లుడుగారి విషయం చెప్పేదేముంది.

అసలు సంగతికి వస్తాను. అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో మావారికి నడుము పక్కన పోటు మొదలైంది. కిడ్నీలో రాయి అన్నారు. రాజమండ్రిలో ఒక పెద్ద డాక్టరుగారు ఆ రాయిని పగలగొట్టి తీసేశారు. తీశాక దారి వాచి మూసుకుపోకుండా కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా సన్నటి గొట్టం ఒకటి పెట్టారు. జారిపోకుండా దానికి రెండు కొసలా కొక్కెంలా వంపు ఉంటుంది. స్టెంట్ అంటారట. "ఆరు వారాల్లో వచ్చి తీయించేసుకోండి. చిన్న పని, కోత ఉండదు. మూత్రం దారిలోంచే కెమెరా పంపించి లాగేస్తాం" అని ఆ డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. మావారు తలూపారు. ఏ దారిలోంచో విన్నాక ఆ ఊపు కాస్త నెమ్మదించడం నేను గమనించాను.

ఇంటికొచ్చిన కొద్దిరోజులకే సంబంధం కుదిరింది. అబ్బాయి హైదరాబాదులో డాక్టరన్నారు. డాక్టరంటే చాలు, ఏ డాక్టరని మావారు అడగలేదు. తాంబూలాలు పుచ్చుకుని ఇంటికొచ్చాక నింపాదిగా నన్నడిగారు.

"యూరాలజీ అంటే ఒంట్లో ఏ భాగం తాలూకు?"

చెప్పాను. ఆయన కండువా భుజం మీద నుంచి తీసి మళ్ళీ అదే భుజం మీద వేసుకున్నారు.

"నాకు రాయొచ్చిన సంగతి వాళ్ళకి చెప్పకు. వంశంలో కిడ్నీ జబ్బుందనుకుంటారు" అన్నారు.

పెళ్ళి హడావుడిలో ఆరు వారాలూ గడిచిపోయాయి. ఆసుపత్రి వాళ్ళు ఫోను చేశారు, అది వాళ్ళ మంచితనం. ఫోను తీసింది మావారే. "ఆయన ఊళ్ళో లేరండి" అని మర్యాదగా చెప్పి పెట్టేశారు. పెళ్ళయ్యింది, మనుగుడుపులయ్యాయి, ఆషాఢమయ్యింది. ఈలోగా ఆ పెద్ద డాక్టరుగారు విశాఖపట్నం వెళ్ళిపోయారు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి హైదరాబాదు నుంచి ఎవరొచ్చారో మీరు ఊహించే ఉంటారు. అమ్మాయి దగ్గరికొచ్చేసిందని నేను మురిసిపోతుంటే మావారు మాత్రం మంచినీళ్ళ చెంబు పట్టుకుని అలా నిలబడిపోయారు.

"ఇంకేం, ఇంటి డాక్టరే. వెళ్ళి తీయించేసుకోండి" అన్నాను.

"నీకేమైనా మతిపోయిందా? పీట మీద కూర్చోబెట్టి, సాక్షాత్తూ విష్ణుమూర్తని కాళ్ళు కడిగానే, ఆ మనిషి ముందు పంచె విప్పి పడుకోమంటావా?"

"పోనీ కాకినాడ వెళ్దాం. అక్కడ వేరే డాక్టర్లు లేరా?"

"అల్లుడుగారు ఉండగా ఇంకొకళ్ళ దగ్గరికా? సొంత మావగారికే నమ్మకం లేదంటే రేపు ఆయన దగ్గరికి ఎవరెళ్తారు? ఎంత పరువు తక్కువ ఆయనకి!"

"తెలియకుండా వెళ్దామండీ."

"డాక్టర్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుందే. నీకు తెలీదు, ఊరుకో."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. మావారు ఆ రెండింటి మధ్యా పడక్కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అంతటితో ఆగలేదు. నా చేత అమ్మాయి మీదా, అమ్మాయి చేత నా మీదా ఒట్టు వేయించుకున్నారు, గొట్టం సంగతి అల్లుడుగారి చెవిన పడకూడదని. తల్లీకూతుళ్ళం ఒకరి ప్రాణం ఒకరం అడ్డం పెట్టుకుని నోరు మూసుకున్నాం.

వైద్యం మాత్రం మానలేదు. మా వీధి ఆడవాళ్ళందరూ తలో మాటా చెప్పారు. అరటి దూట రసం పరగడుపున తాగారు. కొండపిండి ఆకు కషాయం తాగారు. ఉలవచారు ఎలాగూ ఇష్టమే కాబట్టి దాన్ని మందు కింద జమ కట్టుకుని రెండు పూటలా పోసుకున్నారు. "ఇవన్నీ పడితే రాయే కరిగిపోతుందంటారు, గొట్టమెంత" అన్నారొకరోజు. "అది ప్లాస్టిక్కండీ, బెల్లం కాదు" అన్నాను. నా మాట ఎప్పుడు చెవికెక్కింది గనక.

అల్లుడుగారు ఇంటికొస్తే చూడాలి. మావారు వీధి గుమ్మం దాకా ఎదురెళ్తారు. ఆయన కూర్చునేదాకా ఈయన కూర్చోరు. భోజనాల దగ్గర పక్కనే నిలబడి "ఇంకొక్క గరిటండి, మా తృప్తి కోసమండి" అని కొసరి కొసరి వేస్తారు. అల్లుడుగారు అసలే మెతక. కడుపు నిండి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా "చాలండి" అన్న మాట గట్టిగా అనలేరు. ఈ మర్యాద ఇలా నడుస్తుండగా మధ్యమధ్యలో మావారు మాయమయ్యేవారు. గొట్టం కొస మూత్రాశయాన్ని గీరుతుంటే అది ఊరుకుంటుందా? పప్పు గరిట నా చేతిలో కుక్కి పెరట్లోకి పరుగు. తిరిగొచ్చాక, "గేదె అరుస్తుంటేనూ, చూసొచ్చానండి" అనేవారు.

మాకు గేదెల్లేవు. అమ్మేసి చాలా కాలమైంది. అల్లుడుగారు మాత్రం ప్రతిసారీ తలూపి, "బాగుందాండీ గేదె?" అని అడిగేవారు. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేదాన్ని.

అలా ఏడాది దాటింది. కిందటి చలికాలంలో ఒక శనివారం కోరుకొండ స్వామి దర్శనానికి వెళ్దామన్నారు. కారు మాట్లాడుకుని వెళ్ళాం. కొండెక్కేటప్పుడు హుషారుగానే ఎక్కారు, నన్నే వెనకబడుతున్నానని వెక్కిరించారు కూడా. దిగేటప్పుడు మాట తగ్గింది. చేత్తో నడుము పక్కన నొక్కిపట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగారు. కిందికొచ్చి కారెక్కేసరికి ఒళ్ళంతా వణుకు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎండలో ఉన్న కారులో నా శాలువా కప్పినా ఆ వణుకు ఆగలేదు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది.

"ఇంటికి పోనీ బాబూ" అన్నారు డ్రైవరుతో.

"రాజమండ్రి పోనీ" అన్నాను నేను.

"ఒట్టేశావు" అన్నారాయన కళ్ళు మూసుకునే.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను" అన్నాను. అమ్మాయికేమైనా అవుతుందేమోనని లోపల భయంగానే ఉంది. అయినా అల్లుడుగారికి ఫోను చేశాను. పెళ్ళయ్యాక నేనై ఆయనకి ఫోను చేయడం అదే మొదలు. రాయి, గొట్టం, ఒట్టు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను.

"గొట్టం పెట్టి ఎన్నాళ్ళయిందండీ?" అన్నారు.

చెప్పాను.

"నేరుగా తీసుకొచ్చేయండి అత్తయ్యగారూ. దారిలో ఎక్కడా ఆగకండి."

ఎక్స్‌రే తీశారు. అల్లుడుగారు నన్ను పిలిచి వెలుతుర్లో పెట్టి చూపించారు. బోరు నీళ్ళ పైపుకి ఉప్పు పేరుకున్నట్టు ఆ గొట్టం చుట్టూ తెల్లగా పట్టేసింది. కింది కొసకి మూత్రాశయంలో నిమ్మకాయంత రాయి కట్టింది. పై కొస కిడ్నీలో పెచ్చులు కట్టి బిగుసుకుపోయింది. ఒంటిది కాని వస్తువు లోపల మిగిలిపోతే ఇలాగే చుట్టూ రాయి కడుతుందని చెప్పారు. కిడ్నీ వాచింది, చీము పట్టింది. ముందు మందులతో జ్వరం దించాలి, ఆ తర్వాతే గొట్టం జోలికి వెళ్ళాలి.

"కిడ్నీకి ప్రమాదమా బాబూ?" అన్నాను.

"నిలుస్తుందో పోతుందో గొట్టం తీశాక గాని చెప్పలేనండి. ఇంకాస్త ఆలస్యమైతే మనిషికే ప్రమాదం."

అంతదాకా నాకున్న వెటకారమంతా ఎటు పోయిందో తెలియదు. భయమేసింది. ఆ ఎక్స్‌రే వంక చూస్తుంటే నా మీద నాకే కాదు, ఆయన మీదా, ఒట్టు మీదా, ఉలవచారు మీదా కోపం ముంచుకొచ్చింది.

అప్పుడే అల్లుడుగారు నెమ్మదిగా ఒక మాటన్నారు. "మీకు గేదె లేదని నాకు తెలుసండి. పెరట్లో కుడితి తొట్టె కూడా లేదు కదా. షుగరేమో అనుకున్నాను. అడిగితే మావయ్యగారు నొచ్చుకుంటారని ఊరుకున్నాను." ఇదన్నమాట సంగతి. ఈయన మర్యాదకి ఆయన మొహమాటం తోడైంది. ఇద్దరూ కలిసి ఒక కిడ్నీని లేని గేదెకి అప్పగించారు.

జ్వరం దిగాక మావారు మళ్ళీ మావారయ్యారు. గొట్టం తీసే రోజు దగ్గరపడుతుంటే బేరాలు మొదలుపెట్టారు.

"మీకు ఇబ్బందిగా ఉంటే కాకినాడ నుంచి నా ఫ్రెండుని రమ్మంటానండి. బాగా చేస్తాడు" అన్నారు అల్లుడుగారు.

"అయ్యయ్యో, మిమ్మల్ని కాదని ఇంకొకళ్ళ చేతా? ఎంత మాటండి!"

"పోనీ నేనే చేస్తానండి."

"అదేనండి కాస్త..."

"మరెలాగండి?"

మావారు చాలాసేపు ఆలోచించి దారి కనిపెట్టారు. "నా మొహం మీద తువ్వాలు వేసుకుంటానండి. మీరు కూడా ఎవరో దారినపోయే దానయ్య అనుకుని కానిచ్చేయండి."

మత్తు నడుము కింది భాగానికే ఇచ్చారు. మెలకువగానే ఉన్నారు. లోపల జరిగింది నేను చూడలేదు, నర్సమ్మ తర్వాత నవ్వలేక నవ్వలేక చెప్పింది. అన్నంత పనీ చేసి తువ్వాలు మొహం నిండా కప్పుకున్నారట. అల్లుడుగారు మూత్రం దారిలోంచి కెమెరా పంపించి, మూత్రాశయంలోని రాయిని లేజరుతో పొడి చేస్తున్నారట. ఉన్నట్టుండి తువ్వాలు కింద నుంచి గొంతు వినిపించిందట.

"అల్లుడుగారండి, టిఫిను చేశారా?"

"చేశానండి. మీరు కదలకండి."

"ఏం పెట్టిందండి మా అమ్మాయి?"

"ఉప్మా అండి."

"ఉప్మాయా!" అని తువ్వాలు నొచ్చుకుందట. "ఇంత పెద్ద పని పెట్టుకున్న మనిషికి ఉప్మా ఏంటండి? ఎవరన్నా వెళ్ళి వేడిగా పెసరట్టు పట్టుకురండమ్మా" అని నర్సులకి పురమాయించారట. అక్కడ ఆయన కిడ్నీ నిలుస్తుందో పోతుందో ఎవరికీ తెలియదు. ఆయనకి మాత్రం అల్లుడుగారి కడుపు గురించి బెంగ.

బయట అమ్మాయీ నేనూ బెంచీ మీద కూర్చున్నాం. చిన్న పని అని ఆనాడు పెద్ద డాక్టరుగారు చెప్పింది సరైన వేళకొచ్చిన వాళ్ళ సంగతి. మాకు మధ్యాహ్నం దాటింది. అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. చివరికి అల్లుడుగారు స్టీలు పళ్ళెం పట్టుకుని బయటికొచ్చారు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయి ఉంది. పళ్ళెంలో గొట్టం. ఒకప్పటి రంగేమిటో తెలియకుండా, పెంకులు కట్టి, అక్కడక్కడ చిట్లి ఉంది.

"పై కొస కదల్లేదండి. గట్టిగా లాగితే గొట్టం తెగుతుంది, దారి చిరుగుతుంది. కొంచెం కొంచెం పగలగొట్టుకుంటూ పైదాకా వెళ్ళాల్సొచ్చింది" అన్నారు. చెప్పి, పళ్ళెం కింద పెట్టకుండానే మా పక్కన బెంచీ మీద కూలబడ్డారు. ఎవరో దారినపోయే దానయ్య అనుకోవడం ఆయన వల్ల కాలేదని నాకర్థమైంది.

లోపల వాపు ఉంది కాబట్టి అది తగ్గేదాకా కొత్త గొట్టం పెట్టారు. ఆ మాట వినగానే మావారి మొహం చూడాలి. "మళ్ళీ గొట్టమా అండి!" అన్నారు. ఈసారి ఆయన మాట మీద వదిలేయలేదు ఎవరూ. గడువు రోజున అల్లుడుగారే కారు వేసుకుని పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చారు. "గేదె సంగతి అత్తయ్యగారు చూసుకుంటారు గాని, మీరు ఎక్కండి మావయ్యగారూ" అన్నారు. మావారు కిక్కురుమనకుండా ఎక్కారు.

కొత్త గొట్టం నిజంగానే చిటికెలో వచ్చేసింది. తర్వాత స్కాన్ చేశారు. ఆ స్కాన్ కాగితం బల్ల మీద పెట్టుకుని అల్లుడుగారు తన కుర్చీలో కూర్చున్నారు. మేమిద్దరం ఎదురుగా కూర్చున్నాం. కిడ్నీ సంగతి ఏమంటారోనని నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన కాగితం పక్కన పెట్టి ముందు వేరే ప్రశ్న వేశారు.

"ఇదివరకు ఎప్పుడైనా మూత్రంలో రక్తం పడిందాండీ?"

"లేదు బాబూ, అలాంటిదేమీ లేదు" అన్నాను నేను. ఆయన తినేది, తాగేది, దగ్గేది అన్నీ నాకు తెలుసన్న ధీమా నాది.

మావారు నా వంక చూడలేదు. అల్లుడుగారి వంకే చూస్తూ, "మీ అత్తయ్యగార్ని కాస్త బయట కూర్చోమనండి" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాది పాటు ఏ అల్లుడి ముందు నోరు విప్పలేకపోయారో, ఆ అల్లుడి ముందు నన్ను పొమ్మంటారా! విసురుగా లేచి బయటికొచ్చాను. తలుపుకి బదులు కర్టెన్ ఉంది. నేను పెద్ద దూరం వెళ్ళలేదు, వెళ్తానని ఎవరికీ మాటివ్వలేదు కూడా.

"పడిందండి" అన్నారు మావారు లోపల. "కిందటి వేసవి నుంచీ. పొలం వెళ్ళొచ్చిన రోజున బాగా ఎర్రగా వచ్చేది. క్యాన్సరే అనుకున్నానండి. మా నాన్నగారు దాంతోనే పోయారు. మీ దగ్గరికొస్తే ఆ మాట మీ నోట వినాల్సొస్తుందని రాలేదండి. మర్యాదా లేదు, గాడిదగుడ్డూ లేదు. భయమేసింది. మీ అత్తయ్యగారికి మాత్రం చెప్పకండి. తట్టుకోలేదు."

మా ఇంట్లో ఎన్నడూ గొంతు పెంచని మనిషి, "చాలండి" అని కూడా గట్టిగా అనలేని మనిషి అరిచారు.

"మీకు బుద్ధుందా అండీ?"

"లేదండి" అన్నారు మావారు.

"రాయి గీరుకుని వచ్చిన రక్తం అది. లోపలంతా కెమెరాతో చూశాను, క్యాన్సర్ లేదు, ఏమీ లేదు. కిడ్నీ కూడా నిలిచింది. ఇంతకాలం ఒక్కరే మోశారా దీన్ని? నేనెందుకున్నానండీ?"

ఆ తర్వాత ఎవరో ముక్కు చీదుకున్నారు. మావారో అల్లుడుగారో నాకు తెలియలేదు.

కిడ్నీ నిలిచిందని విన్న సంతోషంతో పాటే నాకు ఒళ్ళు మండిపోయింది. నేను తట్టుకోలేనా? మా అత్తగారు మంచాన పడితే ఏళ్ళ తరబడి చేశాను. తుఫానుకి ఇంటి కప్పు ఎగిరిపోతే తట్టుకున్నాను. తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కి తెలుగు చెప్పి తట్టుకున్నాను. నన్ను పట్టుకుని ఆ మాటంటారా అనుకుంటూ వరండాలో అటూ ఇటూ తిరిగాను. తిరుగుతుండగా మెల్లగా నాకర్థమైంది. ఆ రోజులన్నీ ఆయన నా పక్కనే పడుకుని, ఇంక పోతానేమో అనుకుంటూ, పొద్దున్నే లేచి నా వేళాకోళానికి నవ్వారు. కషాయం తాగారు. గేదె అరుస్తోందన్నారు. నేను వంటింట్లో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నప్పుడల్లా ఆయన పెరట్లో ఒక్కరే ఆ ఎరుపు చూసుకుంటున్నారు. అప్పుడు ఏడ్చాను, వరండాలో పేషెంట్లందరి ముందూ.

కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళేసరికి ఇద్దరూ బుద్ధిమంతుల్లా కూర్చున్నారు.

"ఏమన్నారు అల్లుడుగారు?" అన్నాను.

"ఏముంది, కిడ్నీ బాగుందట. నీళ్ళు బాగా తాగమన్నారు" అన్నారు మావారు.

నేను విన్నానని ఆయనకి ఇప్పటికీ తెలియదు. నేను రాసింది ఏది అచ్చయినా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. ఇక్కడిదాకా వచ్చేసరికి పేపరు దించి నా వంక చూస్తారు. చూడండి. తట్టుకుంటానండి నేను. ఈసారి ముందు నాకు చెప్పండి.